ఎస్టీపీలో గాలికి ఏది కొనాలి: డిస్కా, ట్యూబా, ముతక బుడగలా? నల్లగొండ, పాలమూరు నీళ్లకు తగ్గ లెక్క

మురుగు శుద్ధి ప్లాంటు (ఎస్టీపీ)లో గాలి కొట్టే సామాను కోసం మూడు కొటేషన్లు టేబుల్ మీద ఉంటాయి. ఒకాయన 9 అంగుళాల డిస్కులు రాసిస్తాడు, ఇంకొకాయన మీటరు పొడవు ట్యూబులంటాడు, మూడో ఆయన "ఇవన్నీ ఎందుకు సార్, పైన తేలే ఏరేటర్ ఒకటి వేసేద్దాం, పదేళ్లు దాని మొహం చూడనక్కర్లేదు" అంటాడు. ముగ్గురి కాగితాల్లోనూ ఆక్సిజన్ అంకెలు బ్రహ్మాండంగా ఉంటాయి. హాస్టల్ నడిపేవాళ్లు, మిల్లు యజమానులు, అపార్ట్‌మెంట్ కమిటీల వాళ్లు ఆ అంకెల్లో తేడా ఏంటో తెలియక, అడిగేవాళ్లు లేక, చివరికి ఎవరి రేటు తక్కువుంటే వాళ్లకే ఆర్డర్ ఇచ్చేస్తారు. రెండేళ్లు తిరిగేసరికి ట్యాంకు దగ్గర వాసన మొదలవుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, అప్పుడు టెన్షన్ పట్టుకుంటుంది.

నా మాట ముందే చెప్పేస్తా. మన వైపు డిఫ్యూజర్ (ట్యాంకు అడుగున గాలిని బుడగలుగా వదిలే పరికరం) కొనేటప్పుడు రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే మిగతావి చూడాలి. మీ మురుగులో సున్నం ఎంత? ట్యాంకు ఖాళీ చేయకుండా, మనిషిని లోపలికి దించకుండా డిఫ్యూజర్‌ను పైకి తీయగలమా? సామర్థ్యం అంకెలు ఈ రెండింటి తర్వాతే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మురుగు శుభ్రం చేసే పని సూక్ష్మజీవులది, వాటికి ఆక్సిజన్ కావాలి, అందుకే బ్లోయర్‌తో ట్యాంకు అడుగుకు గాలి కొట్టి డిఫ్యూజర్ల గుండా బుడగలుగా వదులుతాం. ప్లాంటు మొత్తం కరెంటులో దాదాపు సగం, చాలాచోట్ల అంతకంటే ఎక్కువే, ఈ ఒక్క పనికే పోతుంది. బుడగ చిన్నదైతే నీటికి ఎక్కువ తగులుతుంది, మెల్లగా పైకి లేస్తుంది. 1 నుంచి 3 మిల్లీమీటర్ల సన్న బుడగలకు ఇంత గిరాకీ అందుకే. తేలే ఏరేటర్ అయితే నీటిపైనే తేలుతూ రెక్కలతో నీటిని చిలికి గాలి కలుపుతుంది.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

సున్నం. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. డిఫ్యూజర్‌కు ఫ్లోరైడ్‌తో పేచీ లేదు, దాన్ని చంపేది కాల్షియం, బైకార్బొనేట్. గాలి బయటికొచ్చే సన్నటి చీలిక దగ్గర నీటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలితో పాటు లేచిపోతుంది, అక్కడ పీహెచ్ కాస్త పెరుగుతుంది, దాంతో సున్నం సరిగ్గా ఆ చీలిక అంచునే గడ్డకడుతుంది. గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్ల పొర లాంటిదే ఇదీ. చాలా క్యాంపస్‌లలో తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వాడతారు, స్నానాలకు, బట్టలకు బోరు నీళ్లు వాడతారు. ఎస్టీపీకి వచ్చేది ఆ బోరు నీళ్లే. అందుకని తాగునీటి రిపోర్టు చూపించి "మా నీళ్లు మంచివే" అనుకోవద్దు, కలెక్షన్ ట్యాంకులోని మురుగునే సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపండి. మొత్తం కాఠిన్యం, ఆల్కలినిటీ, టీడీఎస్, నూనె-గ్రీజు, ఈ నాలుగూ చేయించండి. కాఠిన్యం లీటరుకు 300 మిల్లీగ్రాములు దాటితే సున్నం పట్టడం ఖాయమనుకునే నేను ప్లాన్ చేస్తాను.

నూనె, కొవ్వు, సాల్వెంట్లు. డిఫ్యూజర్ మీద గాలి చీలికలుండే రబ్బరు పొరను (మెంబ్రేన్) ఇవి లోపల్నుంచి పాడుచేస్తాయి, యాసిడ్‌తో కడిగినా బాగుపడదు. మెస్ నీళ్లకు గ్రీజు ట్రాప్ లేకుండా ఎంత ఖరీదైన డిఫ్యూజర్ పెట్టినా డబ్బు దండగే.

ట్యాంకు ఒకటా, రెండా. చిన్న ఎస్టీపీల్లో ఏరేషన్ ట్యాంకు, అంటే గాలి కొట్టే ట్యాంకు, ఒక్కటే ఉంటుంది. అడుగున బిగించిన డిఫ్యూజర్ పాడైతే ట్యాంకు మొత్తం తోడాలి, పెంచుకున్న స్లడ్జ్ (సూక్ష్మజీవులుండే బురద) పోతుంది, మళ్లీ అది పెరిగేదాకా వారాల తరబడి మురుగు సరిగ్గా శుద్ధి కాకుండానే బయటికి పోతుంది. వీటన్నిటికంటే పెద్ద విషయం, ఎవరో ఒకరు లోపలికి దిగాలి. గాలి ఆగిన మురుగు ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది, మోతాదు పెరిగితే ముక్కుకు వాసన కూడా తెలియకుండా పోతుంది, మనిషి నిలబడ్డ చోటే కూలిపోతాడు, కాపాడదామని దిగినవాడూ పోతాడు. రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాల్వల్లోకి మనుషులను దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, దిగేది రోజు కూలికి వచ్చిన ఎవరింటి బిడ్డో. ఎవరూ దిగనక్కర్లేని డిజైన్ దొరుకుతున్నప్పుడు కొంచెం డబ్బు మిగులుతుందని వేరేది కొనడం నాకు అస్సలు మింగుడుపడదు.

ఎండ, ఎత్తు. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి పీడనం ఐదారు శాతం తక్కువ. మే నెలలో 42 డిగ్రీల ఎండలో గాలి ఇంకా పలచన. రెండూ కలిస్తే, సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీలకు లెక్కకట్టిన బ్లోయర్ ఇక్కడ ఎనిమిదో వంతు దాకా తక్కువ ఆక్సిజన్ ఇస్తుంది. నీళ్లు కూడా వేడెక్కితే ఆక్సిజన్‌ను తక్కువగా పట్టుకుంటాయి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9.1 మిల్లీగ్రాములు కరిగే చోట 35 డిగ్రీలకు 7 మాత్రమే. "ఏ ఉష్ణోగ్రతకు, ఏ ఎత్తుకు లెక్క వేశారు?" అని అడగండి. జవాబు లేకపోతే ఆ కొటేషన్ పక్కన పెట్టేయొచ్చు.

కరెంటు కోతలు, ట్యాంకు లోతు. గాలి ఆగినప్పుడు మూసుకునే మెంబ్రేన్ అయితే కరెంటు వచ్చిపోతున్నా ఫర్వాలేదు, రంధ్రాలు తెరిచే ఉండేదైతే మురుగు పైపుల్లోకి దిగుతుంది. ఇక లోతు, సన్న బుడగలకు కనీసం మూడు మీటర్ల నీళ్లు పైన ఉంటేనే వాటి లాభం కనబడుతుంది. రెండు మీటర్ల తొట్టిలో బుడగ కరిగేలోపే పైకొచ్చేస్తుంది.

## సన్న బుడగలు, ముతక బుడగలు, తేలే ఏరేటర్లు

మంచినీళ్లలో పరీక్షిస్తే సన్న బుడగల డిఫ్యూజర్ ఒక్కో మీటరు లోతుకు గాలిలోని ఆక్సిజన్‌లో దాదాపు 6 శాతం కరిగిస్తుంది, ముతక బుడగలది 2 నుంచి 2.5 శాతం. ఇది చూపించి "మూడో వంతు కరెంటు చాలు" అని అమ్మేస్తారు. నిజమైన మురుగులో అంత రాదు. సబ్బులు, డిటర్జెంట్లు బుడగ చుట్టూ పొర కట్టి ఆక్సిజన్‌ను అడ్డుకుంటాయి, ఆ దెబ్బ సన్న బుడగలకే ఎక్కువ. మంచినీటిలో వచ్చిన దాంట్లో సన్న బుడగలకు సగం మిగిలితే ముతక బుడగలకు ముప్పావు వంతు మిగులుతుంది. ఇలా మిగిలే వంతునే ఆల్ఫా అంటారు. కొటేషన్‌లో ఆల్ఫా 0.8 అని రాసి సన్న బుడగలు ఇస్తున్నారంటే బ్లోయర్ చిన్నది పెట్టి రేటు తగ్గించారన్నమాట.

ఒక లెక్క వేసి చూద్దాం. రోజుకు లక్ష లీటర్ల హాస్టల్ మురుగు, వచ్చే బీఓడీ (మురుగును అరిగించడానికి జీవులకు పట్టే ఆక్సిజన్, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 250, బయటికి 10. అంటే రోజుకు 24 కిలోల బీఓడీ తీయాలి. అమ్మోనియా కూడా తీయాలంటే ప్రతి కిలో అమ్మోనియా నైట్రోజన్‌కు 4.57 కిలోల ఆక్సిజన్ అదనం. రెండూ కలిపితే రోజుకు 40 కిలోల చిల్లర ఆక్సిజన్ అవుతుంది. మూడున్నర మీటర్ల లోతు, 30 డిగ్రీల నీళ్లు, ఆల్ఫా, కొంత మురికి పట్టడం అన్నీ కలుపుకుంటే సన్న బుడగలతో గంటకు సుమారు 100 ఘనపు మీటర్ల గాలి, ముతకవాటితో 145 దాకా పడుతుంది. మన ఎండకు, ఎత్తుకు సరిపెట్టాలంటే ఈ రెండు అంకెలకూ పైన చెప్పిన ఎనిమిదో వంతు కలపాలి. కరెంటులో చూస్తే రెండు కిలోవాట్ల పైచిలుకుకు, మూడు కిలోవాట్ల పైచిలుకుకు ఉన్న తేడా. మూడింతలు కాదు, ఒకటిన్నర రెట్లు. అయినా అది చిన్న మొత్తం కాదు. ఒక్క కిలోవాట్ రాత్రింబవళ్లు ఏడాది తిరిగితే 8,760 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు అనుకున్నా 70 వేలు.

కానీ ఈ లాభం చీలికలు శుభ్రంగా ఉన్నన్నాళ్లే. సున్నం పట్టిన కొద్దీ బ్లోయర్ మీద ఒత్తిడి పెరుగుతుంది, మోటారు ఆంప్స్ పెరుగుతాయి, ఒక రోజు సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని గాలంతా బ్లోయర్ గదిలోనే బుస్సుమని పోతుంటుంది. ట్యాంకులో ఏమీ లేవదు, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

| చూడాల్సింది | సన్న బుడగలు | ముతక బుడగలు | తేలే ఏరేటర్ |
|---|---|---|---|
| కరెంటు | అన్నిటికంటే తక్కువ, శుభ్రంగా ఉంటే | సుమారు ఒకటిన్నర రెట్లు | మధ్యలో, యంత్రం రకాన్ని బట్టి |
| సున్నం, మురికి | త్వరగా పట్టేస్తుంది | పెద్దగా లెక్కచేయదు | రెక్కల మీద పేరుకుంటుంది, గీకేయొచ్చు |
| లోతు | 3 నుంచి 6 మీటర్లు మేలు | ఏదైనా | లోతు ట్యాంకుల్లో అడుగుదాకా కలపలేదు |
| రిపేరు | పైకి తీసేలా ఉంటేనే సులువు | అరుదు | ఒడ్డుకు లాగి చేసుకోవచ్చు |
| తుంపర, చప్పుడు | బ్లోయర్ చప్పుడు మాత్రమే | అంతే | తుంపర, వాసన చుట్టుపక్కలకు |

ముతక బుడగలను తీసిపారేయకండి. ఈక్వలైజేషన్ ట్యాంకులో (వచ్చిన మురుగును నిలిపి సమంగా వదిలేది), స్లడ్జ్ ట్యాంకులో అవే పెట్టాలి, అక్కడ పని కలపడం, పైగా చెత్త ఎక్కువ. అన్ని ట్యాంకులకూ సన్న బుడగలే రాసిచ్చిన కొటేషన్ ఏ ట్యాంకులో ఏ పని జరుగుతుందో ఆలోచించకుండా రాసింది. ఎంబీబీఆర్‌లో (తేలే ప్లాస్టిక్ ముక్కల మీద జీవులను పెంచే పద్ధతి) కూడా నా ఓటు ముతకకే. ప్లాస్టిక్ మీడియా కింద ఇరుక్కున్న డిఫ్యూజర్‌ను మార్చాలంటే ముందు ఆ మీడియా అంతా ఎత్తిపోయాలి, ఆ పని ఒక్కసారి చూసినవాళ్లెవరూ మళ్లీ అక్కడ రబ్బరు పెట్టమనరు. తేలే ఏరేటర్ విశాలమైన, లోతు తక్కువ చెరువుల్లాంటి తొట్లకు బాగుంటుంది, ఊరికి దూరంగా ఉంటే ఇంకా మంచిది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, ఆసుపత్రి వెనకనో మాత్రం వద్దు. మురుగు తుంపర జనం ఊపిరిలోకి పోతుంది.

## డిస్కులా, ట్యూబులా

9 అంగుళాల డిస్కు గంటకు రెండు నుంచి ఆరు ఘనపు మీటర్ల గాలి తీసుకుంటుంది, 12 అంగుళాలది అంతకు ఒకటిన్నర రెట్లు. మీటరు ట్యూబు దాని లావును బట్టి నాలుగు నుంచి పది దాకా. కేటలాగ్‌లో గరిష్ఠ అంకె పట్టుకుని లెక్క వేస్తే డిస్కుల సంఖ్య తగ్గుతుంది, రేటు తగ్గుతుంది, కానీ ఒక్కోదాని మీద గాలి ఎక్కువయ్యేసరికి బుడగలు లావెక్కుతాయి, రబ్బరు త్వరగా సాగిపోతుంది. పైన చెప్పిన హాస్టల్‌కు డిస్కుకు నాలుగు లెక్కన 28 నుంచి 30 డిస్కులు కావాలి. 18 రాసిచ్చారంటే ఎందుకని అడగండి. మరీ ఎక్కువ పెట్టినా తప్పే, ఒక్కోదానికి గాలి చాలక కొన్ని పనిచేస్తాయి, కొన్ని మూసుకుపోయి కూర్చుంటాయి.

డిస్కులు ట్యాంకు అడుగంతా సమంగా పరుచుకుంటాయి కాబట్టి ఆక్సిజన్ పరంగా వాటిదే పైచేయి. ఇబ్బంది ఏంటంటే అవి పైపుల గ్రిడ్‌కు, గ్రిడ్ అడుగు స్లాబ్‌కు బిగించి ఉంటాయి. ఒక్క డిస్కు చినిగితే ఆ లైను గాలంతా అటే పోతుంది.

ట్యూబులు రెండు వైపులా రెక్కల్లా బిగుస్తాయి, ఒక నిలువు పైపుకు రెండో నాలుగో ట్యూబులు కట్టి పై నుంచి దించొచ్చు. పైన యూనియన్, వాల్వ్ ఉంటే ఒక్కో సెట్టు మూసి, విప్పి, ఇద్దరు మనుషులు గొలుసుతో పైకి లాగుతారు, మిగతా సెట్లు నడుస్తూనే ఉంటాయి. ట్యూబు కింది సగం నుంచి గాలి సరిగ్గా రాదు, అక్కడ బురద పడుతుంది, సామర్థ్యం డిస్కు కంటే కాస్త తక్కువే. ఆ తక్కువను నేను సంతోషంగా ఒప్పుకుంటా, ట్యాంకులోకి మనిషి దిగనక్కర్లేనందుకు. డిస్కులతో కూడా ఇలా ఫ్రేము కట్టి దించే పద్ధతి ఉంది, బరువు ఎక్కువ కాబట్టి పైన చిన్న చైన్ పుల్లీ పెట్టుకోవాలి.

ఒకే ట్యాంకు ఉన్న ప్రతి ఒక్కరికీ నా సలహా ఇదే: పైకి తీసే సెట్లు, ఒక్కో సెట్టుకు విడి వాల్వ్. రెండు మూడు సమాంతర ట్యాంకులున్న మున్సిపల్ ప్లాంట్లకైతే అడుగున బిగించిన డిస్కులే సరైనవి, ఒకటి ఆపి ఇంకొకటి నడుపుకునే వీలుంది, కరెంటు ఆదా కూడా ఆ స్థాయిలో లక్షల్లో ఉంటుంది.

## రబ్బరు ఏది

ఇక్కడే చాలామంది అడగరు, చాలామంది చెప్పరు. "మెంబ్రేన్ డిఫ్యూజర్" అని మాత్రమే రాస్తే వచ్చేది ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు. అది చెడ్డదేం కాదు, మామూలు ఇళ్ల మురుగుకు అదే సరిపోతుంది. మెత్తదనం కోసం దాంట్లో కలిపిన నూనెలు ఏళ్ల తరబడి నీళ్లలోకి కరిగిపోయి రబ్బరు గట్టిపడుతుంది, కొవ్వు, నూనె ఉన్న మురుగులో ఇంకా త్వరగా పాడవుతుంది.

| మెంబ్రేన్ | దేనికి బాగుంటుంది | దేనికి వద్దు |
|---|---|---|
| ఈపీడీఎం | హాస్టళ్లు, కాలనీలు, మున్సిపల్ మురుగు | నూనె, పెట్రోలియం సాల్వెంట్లు |
| సిలికాన్ | వేడి నీళ్లు, కొవ్వు ఉన్న మురుగు | మొరటుగా వాడేచోట, సులువుగా చినుగుతుంది |
| పాలియురేథేన్ | నూనెలు, సన్నని బుడగ | వేడి మురుగు, త్వరగా పెళుసవుతుంది |
| పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పూత ఉన్న ఈపీడీఎం | సున్నం, జిగురు పట్టే నీళ్లు | గీకి కడిగితే పూత పోతుంది |
| సెరామిక్ | సాల్వెంట్లు, ఎక్కువ కాలం | కరెంటు తరచూ పోయేచోట |

సున్నం ఎక్కువున్న బోరు నీళ్ల మీద నడిచే ప్లాంటుకు పీటీఎఫ్‌ఈ పూత ఉన్నదానికి అదనంగా పెట్టే డబ్బు నా లెక్కలో న్యాయమైనదే. పూత ఉంటే సున్నం అసలు పట్టదని కాదు, గట్టిగా అతుక్కోదు, గాలి పెంచితే చాలావరకు రాలిపోతుంది. సెరామిక్ పేరు వినగానే జీవితాంతం ఉంటుందని ఆశపడతారు. గాలి ఆగగానే దాని రంధ్రాల్లోకి మురుగు దూరుతుంది, జనరేటర్ లేని చోట దాన్ని ఊహించుకోవద్దు.

## ఎవరికి ఏది

హాస్టళ్లు, కాలేజీలు, అపార్ట్‌మెంట్లు. పైకి తీసే ట్యూబులు, ఈపీడీఎం. కాఠిన్యం 300 దాటితే పూత ఉన్నది. సెలవుల్లో మురుగు రాదని బ్లోయర్ పూర్తిగా ఆపేస్తుంటారు, అలా చేయొద్దు, గంటకు పావుగంట అయినా నడపండి. లేకపోతే జీవులూ చస్తాయి, మెంబ్రేన్ మీద బురద గట్టిపడుతుంది.

మిర్యాలగూడ వైపు పారాబాయిల్డ్ మిల్లులు. వడ్లు నానబెట్టిన నీళ్లు వేడిగా, పుల్లగా, పిండితో వస్తాయి, బీఓడీ వెయ్యి దాటడం మామూలే. ఆ నీళ్లను నేరుగా ఏరేషన్‌లోకి పంపితే ఏ డిఫ్యూజరూ నిలవదు. ముందు చల్లార్చాలి, తర్వాత గాలి అవసరం లేని ఎనరోబిక్ దశలో చాలాభాగం తగ్గించుకోవాలి, మిగిలినదానికే గాలి. నీళ్ల వేడి అదుపులో ఉంటే ఈపీడీఎం, లేకపోతే సిలికాన్. ఇంకో సంగతి, మిల్లు దుమ్ము, ఊక బూడిద బ్లోయర్ ఫిల్టర్‌ను మూసేస్తాయి, ఫిల్టర్ చినిగితే ఆ సన్న బూడిద లోపలి నుంచి చీలికల్లో ఇరుక్కుంటుంది. బయట ఎంత కడిగినా పోదు. బ్లోయర్ గది బాయిలర్ వైపు, గాలి వీచే దారిలో కట్టకండి, ఫిల్టర్‌ను వారం వారం దులపండి.

చౌటుప్పల్, జడ్చర్ల ఫార్మా యూనిట్లు. సాల్వెంట్లు ముందే స్ట్రిప్పర్‌లో (వాటిని ఆవిరిగా వెళ్లగొట్టే యంత్రం) తీయగలిగితేనే రబ్బరు గురించి మాట్లాడుకోవాలి. టోలుయిన్ లాంటివి ఈపీడీఎంను ఉబ్బిస్తాయి. కొనే ముందు మెంబ్రేన్ ముక్క ఒకటి అడిగి మీ మురుగులోనే నెల రోజులు ముంచి ఉంచండి, ముందూ తర్వాతా తూచండి, వంచి చూడండి. ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. ఫలితం బాగాలేకపోతే జెట్ ఏరేటరో (గాలిని, మురుగును కలిపి నాజిల్ గుండా చిమ్మేది) ముతక స్టీల్ డిఫ్యూజరో పెట్టి కరెంటు ఖర్చు భరించడమే మేలు.

పాల కేంద్రాలు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు. కొవ్వు ముందే తీయండి, ఆ తర్వాత సిలికాన్. ఫంక్షన్ హాళ్లకు పెళ్లిళ్ల రోజుల్లో ఒక్కసారిగా మురుగు వస్తుంది, మిగతా రోజులు ఖాళీ, కాబట్టి అక్కడ డిఫ్యూజర్ రకం కంటే పెద్ద ఈక్వలైజేషన్ ట్యాంకు ముఖ్యం.

ఎస్టీపీల నుంచి వదిలే నీటికి బీఓడీ హద్దును కేంద్రం 2017లో 30గా, మెట్రో నగరాల్లో 20గా పెట్టింది, 2019లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దాన్ని 10కి దించమంది. మీ అనుమతి పత్రంలో ఏముందో అదే మీకు లెక్క. నాకైతే కాగితం కంటే ముందు కాల్వ కనబడుతుంది. హైదరాబాద్ నుంచి దిగే మూసీ భువనగిరి, సూర్యాపేట దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా దారి పొడవునా వరి పండిస్తున్నారు. ఇక్కడ సరిగ్గా గాలి తగలని మురుగు ఇంకెక్కడో ఒకరి మడిలోకి చేరుతుంది.

## డిఫ్యూజర్‌తో పాటు చూడాల్సిన పైపులు

డిఫ్యూజర్ మంచిదే కొన్నా పైపు దగ్గర చెడగొట్టుకునేవాళ్లు చాలామంది. అర బార్ ఒత్తిడికి గాలిని నొక్కితే ట్విన్ లోబ్ (రెండు రోటర్లున్న) బ్లోయర్ నుంచి అది దాదాపు 50, 60 డిగ్రీలు వేడెక్కి వస్తుంది, ఎండాకాలంలో వంద డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పీవీసీ 60 దాటితే మెత్తబడుతుంది. కాబట్టి బ్లోయర్ నుంచి నీళ్లలోకి దిగేదాకా జీఐ లేదా స్టెయిన్‌లెస్ పైపే ఉండాలి, పీవీసీ నీళ్లలో మునిగిన తర్వాతే. ఎండలో వేలాడే పీవీసీ డ్రాప్ పైపు రేటు తక్కువని ఒప్పుకుంటే రెండో వేసవికి వంగిపోతుంది.

బ్లోయర్ ఒత్తిడిని కూడా లోతుతో సరిచూడండి. ఒక మీటరు నీళ్లంటే దాదాపు 0.1 బార్. మూడున్నర మీటర్ల నీళ్లు, మెంబ్రేన్, పైపులు కలిపి 0.42, 0.45 అవుతుంది, సున్నం పట్టాక ఇంకో 0.1 పెరిగినా తట్టుకునేలా మోటారు ఉండాలి. బ్లోయర్ మీద ప్రెషర్ గేజ్ లేకుండా బిల్లు కట్టొద్దు. ఆ ఒక్క గేజ్ రీడింగ్ రోజూ పుస్తకంలో రాస్తే డిఫ్యూజర్ల ఆరోగ్యం మీకు తెలిసిపోతుంది.

## ఇప్పటికే పెట్టుకున్నవాళ్లకు

కొత్తది కొనే ముందు పాతది ఎందుకు పోయిందో చూడాలి, లేకపోతే అదే మళ్లీ కొంటారు. ట్యాంకు మీద నిలబడి గమనించండి. అంతటా సన్నగా, పాలలా లేస్తుంటే బాగున్నట్టు. ఒకే చోట పెద్దగా ఉడుకుతున్నట్టు గుభగుభా లేస్తుంటే అక్కడ మెంబ్రేన్ చినిగింది లేదా పైపు విరిగింది. "సార్, ఒక్క మూలకే లేస్తున్నయి, మిగతాదంతా సప్పుడు లేదు" అని ఆపరేటర్ చెబితే వెంటనే పట్టించుకోండి, గాలంతా అక్కడే పోతోంది.

ఒక డిఫ్యూజర్ పైకి తీసి చేతిలోకి తీసుకోండి. తెల్లటి పొర గరుకుగా తగులుతుంటే దాని మీద పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక చుక్క వేయండి, గ్లవుజులు, కళ్లద్దాలు పెట్టుకుని. బుసబుసమని నురగొస్తే సున్నం. అలాంటప్పుడు మెంబ్రేన్ మార్చనక్కర్లేదు, పలచని యాసిడ్‌లో నానబెట్టి కడిగితే తిరిగి వస్తుంది. యాసిడ్ కడిగిన చోట బ్లీచింగ్ వాడకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. పొర గోధుమ రంగులో జారుడుగా ఉంటే అది జీవపు జిగురు, నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. పొర ఏమీ లేకుండా రబ్బరు గట్టిపడి, వంచితే వంగకుండా ఉంటే దాని పని అయిపోయింది. ఉబ్బి, ముడతలు పడి, బిగింపు దగ్గర వదులైతే నూనె లేదా సాల్వెంట్, అదే రకం మళ్లీ కొనకండి.

సున్నం కేసుల్లో నెలకోసారి చేసే చిన్న పని ఉంది. మిగతా సెట్ల వాల్వ్‌లు కొద్దిగా మూసి ఒక్కో సెట్టుకు ఎక్కువ గాలి కొన్ని నిమిషాలు పంపడం, తర్వాత ఆపి మెంబ్రేన్ కుంగనివ్వడం, మళ్లీ పంపడం. రబ్బరు సాగి ముడుచుకునేటప్పుడు పొర పగిలి రాలుతుంది. విడి వాల్వ్‌లు ఉన్నవాళ్లకే ఇది వీలు.

ఆర్డర్‌లో ఈ ముక్కలు రాయించండి. మెంబ్రేన్ ఏ రకమో పేరుతో సహా, డిస్కులు లేదా ట్యూబులు ఎన్ని, ఒక్కోదానికి ఎంత గాలి లెక్కన, ఆల్ఫా ఎంత తీసుకున్నారు, విడి మెంబ్రేన్లు పదో వంతు అదనంగా, అవి విడిగా దొరికే సైజేనా. బిగించాక ట్యాంకు ఎండలో ఖాళీగా ఉంచనివ్వకండి, పాలమూరు ఎండకు రబ్బరు నెలల్లో పగుళ్లిస్తుంది, కనీసం మీటరు నీళ్లు నింపి పెట్టించండి. చివరి బిల్లు ఇచ్చే ముందు మంచినీళ్లు డిఫ్యూజర్ల పైన నాలుగు వేళ్ల మందం నిలిపి బ్లోయర్ వేయించండి. ప్రతి డిస్కు, ప్రతి ట్యూబు మీదా బుడగలు సమంగా లేస్తున్నాయా, జాయింట్ల దగ్గర కారుతోందా, ఒక వైపు ఎత్తుగా ఉండి గాలంతా అటే పోతోందా, అన్నీ కళ్లకు కట్టినట్టు కనబడతాయి. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, మూడేళ్ల తర్వాత పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.